రాతి మీద వెంకటస్వామి పేరు

(రాయపూర్ రైల్వే కాలనీ పక్కనున్న బస్తీ, 1953 ఆగస్టు. చనిపోయిన గ్యాంగుమేను వెంకటస్వామి భార్య సూరమ్మ ఇల్లు. ఎదురుగా స్మారక కమిటీ సెక్రటరీ, గూడ్సు క్లర్కు చిన్నారావు.)

“అలగ రాయొద్దన్నానా? రాయొద్దు. అంతే.”

“అత్తా, పూర్తిగా విను. ‘నలభై రెండు ఉద్యమంలో పట్టాలు విప్పి, తెల్లవాళ్ళ తూటాకు బలైన షహీద్ వెంకటస్వామి.’ ఒక పక్క హిందీ, ఒక పక్క తెలుగు. ఈ ఊళ్ళో మనవాళ్ళ పేరు రాతికెక్కడం ఇదే మొదటిసారి!”

“మీ మావ పట్టాలిప్పలేదు.”

“అందరూ అదే చెప్తున్నారు కదా.”

“అందరూ అక్కడున్నారేటి?”

“పోలీసు కాగితంలోనూ అదే ఉంది. పట్టా విప్పాడు, కాల్చామని.”

“కాల్సినోడు మరేటి రాస్తాడు? తప్పు మనిషిని కాల్సీసినామని రాస్తాడేటి? అప్పుడా కాగితం సూపించే నన్ను చోర్ పెళ్ళామన్నారు. క్వార్టరు కాళీ సెయ్యించినారు. ఇప్పుడదే కాగితం సూపించి షహీద్ పెళ్ళామంటన్నారు. కాగితం మారనేదు బాబూ, మీరు మారినారు.”

“మంచికే కదా మారాం! సరే, ఏం జరిగిందో నువ్వే చెప్పు.”

“పొద్దున్నే లైను సూడ్డానికి ఎల్లినాడు. వాగు వంతెనకాడ పట్టా ఇప్పీసుంది. బిగిద్దామని పానా తీసినాడో లేదో, బండి కూత. ఎర్రజెండా ఊపుకుంటూ బండికి ఎదురు పరిగెట్టినాడు. బండి ఆగింది. ముందు పెట్టిలోంచి సిపాయి దిగినాడు. సేతిలో పానా సూసినాడు. కాల్సీసినాడు.”

“ఇదంతా నీకెవరు చెప్పారు?”

“మన పక్కింటి దాలమ్మ. పిల్లతో పార్వతీపురం ఎల్తా ఆ బండిలోనే ఉంది. కిటికీలోంచి సూసింది. ఎల్లి అడుగు.”

“అడుగుతా. కానీ అత్తా, ఇది కమిటీలో చెప్తే ఏమంటారో తెలుసా? తెల్లవాళ్ళ బండిని కాపాడిన నౌకర్ అంటారు. రాయీ ఉండదు, పేరూ ఉండదు.”

“తెల్లోళ్ళ బండేటి? అందులో ఉన్నది దాలమ్మ!”

“నాకు అర్థమవుతుంది, వాళ్ళకి…”

“ఆళ్ళకీ అర్థమయ్యేలా సెప్పు. నోరుంది కదా. సెక్రటరీవి కదా.”

“సరే, సరే. చెప్తా. కానీ పట్టా ఎవరో ఒకరు విప్పారు కదా? అదీ దేశం కోసమే కదా?”

“అవును. దేశం కోసమే.”

“మరి ఎవరని అడుగుతారు. ఇన్నేళ్ళూ ఒక్కరూ ముందుకు రాలేదు. అందుకే మావ పేరు అలా ఉండిపోయింది.”

“మిలిటరీ సామాన్ల బండి అన్నారు.”

“ఏంటి?”

“మనుషులుండరన్నారు. ఆ బండి ముందే ఎల్లిపోనాది. ఎనక ప్యాసింజరొచ్చింది.”

“ఎవరన్నారు? ఎవరితో అన్నారు? అత్తా… నీకు తెలుసా వాళ్ళెవరో?”

“తెలుసు.”

“తెలిసీ పదకొండేళ్ళు నోరు మూసుకున్నావా?”

“బయం. ముందు ఉరిశిక్షకి. తరవాత నా గుంటలకి, నా పిల్లలకి. మా అమ్మేటి సేసింది, మా అయ్యేటి సేసినాడు అని అడుగుతారని.”

“ఇప్పుడు భయం లేదా?”

“ఎందుకు నేదు? ఉంది. అయినా సెప్తాను. ఆయన పానం ఇచ్చి బండి ఆపినాడు. దాన్ని సెరిపీసి బండి పడగొట్టబోయినోడని సెక్కుతారా? ఒకసారి సంపినాం. సాలదా?”

“ఏడవకు అత్తా. ఎవరో చెప్పు. తప్పు పట్టం. అతని పేరు కూడా రాయిస్తా, మావ పేరు పక్కనే. నా మాట.”

“మాట తప్పవు కదా?”

“తప్పను.”

“ఆడోళ్ళ పేరు రాస్తారేటి మీ రాతి మీద? రాస్తే రాసుకో. జెండా ఊపినోడు వెంకటస్వామి. పట్టా ఇప్పింది ఆయన పెళ్ళాం, సూరమ్మ.”