పొడి దూది

దంత వైద్య కళాశాలలో ఆదివారం ఉదయం. పళ్ళకి క్లిప్పులు వేసే గదిలో ఒక్క కుర్చీ మీదే దీపం వెలుగుతోంది. కుర్చీలో దర్జీ పని చేసే పిన్ని. పక్కన స్టూలు మీద, ఆమెకి క్లిప్పులు వేసిన అక్క కూతురు, ఇక్కడి విద్యార్థిని.

"ఆ, తెలిసింది. జివ్వుమంది."

"నేనింకా దూది పెట్టలేదు పిన్నీ."

"పెట్టబోతున్నావుగా. ముందే చెప్పేస్తే నీకు టైము కలిసొస్తుందని."

"నా టైము సంగతి నేను చూసుకుంటా. చల్లగా తగిలితే ఎడమ చెయ్యి ఎత్తు, లేకపోతే ఊరుకో. అంతే నీ పని. నోరు తెరువు."

"అఅ."

"ఇది?... సరే. ఈ పక్కది?... బాగానే ఎత్తావు. ఇప్పుడు ముందు పన్ను."

"ఆఁ, ఆఁ."

"చెయ్యి అంత పైకా? దీపానికి తగులుతుంది. బాగా చల్లగా ఉందా?"

"అబ్బ, నషాళానికెక్కింది."

"పాపం. అది పొడి దూది."

"పొడి దూదా?"

"ఐసు దూది ఇదిగో, ఈ చేతిలో ఉంది."

"దొంగపిల్లా. సొంత పిన్నినే ఇలా పట్టిస్తావా?"

"వేరేవాళ్ళు ఇంత చక్కగా అబద్ధమాడరు మరి. పోయిన నెల కూడా ఇలాగే ఎత్తావు కదూ?"

"ఇవాళ మీ మేడమ్ రాలేదేం?"

"మాట మార్చకు."

"మార్చట్లేదు, అడుగుతున్నా. ఎప్పుడూ నీ వెనకే నిలబడి ఉండేదిగా. అసలు ఆదివారం నాడు రమ్మన్నావేం?"

"రద్దీ ఉండదని. పిన్నీ, ఆ పన్నుకి చల్లదనం తెలియట్లేదు కదా?"

"కొంచెం మొద్దుబారినట్టుంది."

"కొంచెమంటే?"

"చన్నీళ్ళు తాగినా తెలియట్లేదు. సరేనా? సంతోషమా?"

"మిషను మీద దారం మరీ బిగిస్తే ఏమవుతుంది?"

"గుడ్డ ముడతలు పడుతుంది. ఇంకా బిగిస్తే తెగుతుంది. నాకు నేర్పుతున్నావా?"

"పన్నూ అంతే. లోపల మెత్తటి గుజ్జు ఉంటుంది, నరమూ నెత్తురూ అన్నీ అందులోనే. వేరు చివర సన్నటి సందులోంచి దానికి నెత్తురు అందుతుంది. పన్నుని జరిపితే కొన్నాళ్ళు అది తగ్గుతుంది. మెల్లగా జరిపితే మళ్ళీ సర్దుకుంటుంది, చాలా పళ్ళకి ఏమీ కాదు. అంతకుముందే దెబ్బ తిన్న పన్నైతే మాత్రం ఒక్కోసారి లోపల చచ్చిపోతుంది. ఏంటి, పైకప్పు వైపు చూస్తున్నావు? దెబ్బ తగిలిందా ఎప్పుడైనా?"

"లేదని మొదటిరోజే చెప్పాగా."

"మొదటిరోజు నీ వయసు కూడా ఐదేళ్ళు తగ్గించి చెప్పావు."

"అది వేరే... ఎప్పుడో బస్సులో. డ్రైవరు బ్రేకు వేస్తే ముందు సీటు కమ్మీకి కొట్టుకున్నా. వాచింది, తగ్గిపోయింది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీ మేడమ్ నన్ను వద్దనేది. పరీక్షలో చూపించడానికి ఎత్తుపళ్ళ మనిషి ఒక్కళ్ళూ దొరకట్లేదని మీ అమ్మ దగ్గర కూర్చుని ఏడ్చావు. నా పళ్ళు ఇన్నేళ్ళూ ఎవరికీ పనికి రాలేదు, నీకైనా పనికొస్తాయనుకున్నా."

"జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళకి అందం కోసమని చెప్పావట?"

"అందమూ వస్తే వద్దంటానా? అది కాదు. పన్ను మొద్దుబారిందంటే నువ్వు తీగ బిగించి లాగడం ఆపేస్తావు. ఆపితే పరీక్షకల్లా వరస కుదరదు. నీ చదువు ఏం కావాలి? పోతే ఒక్క పన్నేగా, ఇంకా ముప్పై ఒకటి ఉన్నాయి."

"ఇరవై ఏడు. క్లిప్పులకి ముందు నాలుగు పీకించాంగా. నెలనెలా చూసేది నేను."

"ఏదో ఒకటి. చాలవూ?"

"పిన్నీ, ఇది నిజం ఐసు దూది. పరీక్ష సంగతి నాకొదిలెయ్. నాకోసం చెయ్యి ఎత్తకు, నీకు తెలిస్తేనే ఎత్తు."

"సరే, ఒట్టు."

"పెట్టాను... ఏం తెలియట్లేదా?... పోనీలే పిన్నీ, దూది తీసేస్తా."

"ఉండు, ఉండు. ఏదో ఉంది. ఆలస్యంగా వచ్చింది."

"నీ మాట నేనిక నమ్మను. కళ్ళు మూసుకో. ఇప్పుడు?"

"ఏం లేదు."

"ఇప్పుడు?"

"ఏం... అబ్బా, తియ్యి తియ్యి."

"మొదటిది పొడిది. రెండోది ఐసు. బతికే ఉంది పిన్నీ నీ పన్ను. పోయిన నెలే అనుమానమొచ్చి తీగ విప్పి వదిలేశాను కదా, ఈ నెల రోజుల్లో కోలుకుంటోంది."

"కొత్త తీగ రాలేదు, అందుకే ఆ పన్నుకి కట్టలేదన్నావు?"

"అబద్ధాలు నీ ఒక్కదానికేనా వచ్చేది?"

"అమ్మ దొంగా. సరేలే, బతికిందిగా. మళ్ళీ తీగ కట్టి లాగు, పరీక్షకి ఇంకా టైముంది. కెమెరా ఏది? వచ్చినప్పుడల్లా ఫోటోలు తీసేదానివి, మేడమ్‌కి చూపించాలని."

"ఇక అక్కర్లేదు."

"ఏం?"

"తీగ విప్పిన రోజే నీ కేసు పరీక్షలోంచి తీసేయించాను. నేను వచ్చే ఏడాది రాస్తాలే పిన్నీ. ఏడవకు, దూది తడుస్తుంది. నోరు తెరువు, పక్క పన్ను కూడా చూడాలి."