చేతిలో పెట్టిన టిప్పు

కామారెడ్డి బస్టాండు. ఎల్లారెడ్డి బస్సు పక్కన నిరోష, హైదరాబాదు నుంచి పొద్దటి రైలుకు వచ్చిన సిద్దార్థ.

"ఎందుకు తీస్కున్నవు సిద్దూ?"

"ఏంది?"

"మా భీమేష్ నీ చేతుల పెట్టిన ఐదునూర్లు."

"మా భీమేషా? లగ్గం కాకముందే మా అయిపోయిండా?"

"మా బాపు చూసిన పిల్లగాడు కదా, నోట్లకెళ్లి వచ్చింది. నువ్వు మాట మార్చకు. ఎందుకు తీస్కున్నవు?"

"టిప్పు ఇచ్చిండు, తీస్కున్న. హోటల్ల పనిచేసేటోడు తీస్కోడా?"

"నువ్వే చెప్పినవు. మా సుషీ హోటల్ల గిరాకీ ముంగటనే పచ్చి చేప కోస్తం, ఉత్త చేతులతోని అన్నం ముద్ద మీద పెట్టిస్తం, ఆ చేతులతోని పైసలు ముట్టొద్దు అని. టిప్పు ఎంతైనా బిల్లు కాడ డబ్బల ఎయ్యాలె అని."

"చెప్పిన."

"ఎవలన్న చేతికిస్తే దండం పెట్టి డబ్బ చూపిస్త అన్నవు."

"చూపిస్త. రోజూ చూపిస్త."

"మరి మొన్న?"

"మొన్న నువ్వున్నవు. ఆయన పక్కన కూసొని, నన్ను చూడకుండ పల్లెంలకే చూస్తున్నవు. నేను వద్దంటే ఆయన ఎందుకు వద్దు అని అడుగుతడు, నా మొకం చూస్తడు. నా మొకంల ఏం కనవడ్తదో నాకే తెల్వదు నిరోషా. నీకు మాట వస్తదని తీస్కున్న."

"రెండు చేతులు పట్టి తీస్కున్నవు."

"అవును. థాంక్యూ సార్ అని గూడ అన్న. మీరు పోయినంక మా పెద్ద వంటాయన తిట్టిండు, నా ముంగటున్న చేపంత చెత్తల ఏపిచ్చిండు. చేతులు కడుక్కుంట ఏడ్చిన. సాలా?"

"నిన్న లగ్గం పెట్టుకున్నరు సిద్దూ."

"తెలిసింది. గందుకే వచ్చిన, ఒక్కసారి చూసి పోదామని. ఏడ్వకు, బస్సుల ఉన్నోళ్లు చూస్తున్నరు. మన సంగతి ఆయనకు తెల్వది, ఇగ తెల్వకుంటేనే మంచిది."

"తెలుసు."

"ఎవలికి?"

"ఆయనకు. లింగంపేటల మా ఇంటికి నన్ను చూడనీకి వచ్చిననాడే చెప్పిన. నాకు సిద్దార్థ అని ఒకడున్నడు, నువ్వే ఈ సంబంధం వద్దను అన్న. కోపం రాలె. ఒక్కసారి చూపియ్యి అన్నడు."

"గందుకు తోల్కొచ్చినవా? నేను మీ ముంగట నిలవడి చేప కోసుకుంట..."

"ఆయన ఒక్క షరతు పెట్టిండు. వాని చేతుల పైసలు పెడ్త, తీస్కోకుంటే పిల్ల నచ్చలేదని మీ బాపుకు నేనే చెప్పి తప్పుకుంట, తీస్కుంటే వాని పేరు మల్ల ఎత్తొద్దు అన్నడు. నేను సంబురంగ సరే అన్న సిద్దూ. నువ్వు సచ్చినా చేతుల తీస్కోవని నాకెరుకేనాయె."