భూదవ్వ ఇస్తానన్న కిడ్నీ

కామారెడ్డిలో ఒక ప్రైవేటు దవాఖాన. మూసి ఉన్న గది తలుపు ముందు, బెంచీ మీద భీమేష్ భార్య వినోద, ఎల్లారెడ్డి నుంచి అప్పుడే బస్సు దిగి వచ్చిన అతని తల్లి భూదవ్వ.

“వద్దు బిడ్డా, చాయ గీయ ఏం వద్దు. ఖాళీ కడుపుతోనే ఉండాలె.”

“ఎందుకత్తమ్మా? మొకం ఎట్ల పీక్కపోయిందో చూడు.”

“రక్తం తీస్తరు గదా. తింటే మల్ల రేపు రమ్మంటరు.”

“నీ రక్తం ఎవలు తీస్తరు?”

“నాకేం తెల్వదనుకున్నవా? నిన్న నువ్వు ఫోన్ చేసి రమ్మన్నంక, మీ ఇంటి పక్క విమలమ్మకు ఫోన్ చేసి అడిగిన. మొదలు చెప్పలే. గట్టిగ అడిగితే చెప్పింది, భీమేషుకు కిడ్నీల బీమారి అని. పోయి రక్తం చూపిచ్చుకున్న. కాలిరిగినప్పుడు వానికి ఓ పాజిటివ్ ఎక్కిచ్చిండ్రు, నాకు యాదికుంది. నాదీ అదే. నా కిడ్నీ ఒకటి తీసి వానికి పెట్టుమను.”

“అత్తమ్మా...”

“షుగర్ లేదు, బీపీ లేదు. కూసుండి బీడీలు చేసుకునేదాన్కి నాకు రెండెందుకు?”

“అది కాదు, నేను చెప్పేది ఇను...”

“ముసల్దానిది పనికి రాదంటరా?”

“గట్ల కాదు. ఆయనకు కిడ్నీ అక్కర లేదు.”

“కిడ్నీల బీమారికి కిడ్నీ అక్కర లేకపోవుడేంది?”

“నడుము గుంజుతుందంటే మొదలు రాయి అనుకున్నం. స్కాన్ల చూస్తే కిడ్నీకి గడ్డ. హైదరాబాద్ పోతే కిడ్నీ తీసేద్దామన్నరు. మల్ల ఒక పెద్ద డాక్టర్ ఆగుండ్రి, ముక్క తీసి చూద్దామన్నడు. నడుములకెల్లి సూది పెట్టి రవ్వంత తీసి పరీక్షకు పంపిండ్రు. అది... వేరే తీరు క్యాన్సర్ అత్తమ్మా. లింఫోమా అంటరట.”

“క్యాన్సరా?”

“మొదలు గీ నీళ్లు తాగు అత్తమ్మా.”

“చెప్పు. క్యాన్సరేనా?”

“ఆ.”

“కిడ్నీ అన్నది గదా విమలమ్మ. కిడ్నీ అనే చెప్పింది నాకు.”

“మామూలుగ మెడ కాడ, సంకల గడ్డలల్ల వస్తదట. ఈయనకు కిడ్నీలనే మొదలైంది. గిట్ల శాన తక్కువ మందికి వస్తదట. కోసి తీసేస్తే పోయేది కాదన్నరు. అందుకే సెలైన్ల కీమో మందు ఎక్కిచ్చిండ్రు.”

“ఎప్పుడు?”

“ఎండకాలం సంది.”

“ఎండకాలం సందా? మరి వీడియో ఫోన్ల మాట్లాడిండు గదా నాతోని! నెత్తికి టోపీ పెట్టుకొని, నవ్వుకుంట...”

“ఎంటికలు ఊడిపోయినయ్ అత్తమ్మా.”

“ఎండకు పెట్టుకున్న అన్నడు నాకు.”

“నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నడు. ఒక్కతే ఉంటది, బీడీలు చేసుకుంట ఏడుస్తది అన్నడు.”

“కన్నదాన్ని నేను. కన్నదానికి చెప్పకుంట... సరే, సరే. మందు పని చేసిందా? అది చెప్పు.”

“చేసింది. గడ్డ కరిగిపోయింది. డాక్టర్ స్కాన్ చూపిచ్చి, ఇగ పర్వాలేదన్నడు. ఆ దినం బస్టాండ్ల దిగంగనే మిర్చి బజ్జీలు తిన్నడు. కడుపుల మంట లేస్తదయ్యా అంటె ఇనలే. నా పొట్లం గుడ గుంజుకొని తిన్నడు. దసరకు ఎల్లారెడ్డి పోదం, అప్పుడు నేనే చెప్త, నవ్వుకుంట చెప్త అన్నడు.”

“రాలే గదా దసరకు.”

“దసర ముంగట తలనొప్పి షురువైంది.”

“తలనొప్పికేమైతది? ఒక గోలి ఏసుకుంటే...”

“అత్తమ్మా. ఆ బీమారి కిడ్నీలకెల్లి పోయింది గని, మెదడుల లేసింది. వెన్నుపూసల సూది పెట్టి గుడ మందిచ్చిండ్రు. పని చేయలే. ఇగ మీ ఊరి దగ్గర పెట్టుకోండ్రి, నొప్పి తెల్వకుంట చూసుకోండ్రి అన్నరు.”

“చూసుకోండ్రి అనుడేంది? నాది తీసుకోమను! కిడ్నీ కాకుంటే రక్తం తీసుకోమను. ఏదో ఒకటి తీసుకోమను!”

“ఏం తీసుకోరు అత్తమ్మా. తీసుకునేది ఏం లేదు.”

“మరి నన్నెందుకు పిలిచినవే? ఏం ఇయ్యకుంట ఊకె చూసిపోనీకా?”

“మెల్లగ. లోపట ఇనవడ్తది.”

“మేలుకొనే ఉన్నడా? మరి చెప్పవేంది! నేనొచ్చిన్నని పోయి చెప్పు.”

“చెప్తే తెలుస్తలేదు ఆయనకు. నన్ను గుర్తు పడ్తలేడు.”

“నిన్నా? నిన్ను గుర్తు పడ్తలేడా?”

“నిన్నటి సంది నన్ను నువ్వనుకొని ‘అవ్వా’ అని పిలుస్తుండు. నేనే ‘ఓ బిడ్డా’ అని పలుకుతున్న. నాతోని అయితలేదు అత్తమ్మా. నువ్వు లోపటికి పో. నువ్వు పలుకు.”