గ్యాస్ బావి, గేదె పాలు

వంటింట్లో అక్క గిన్నెలు తోముతోంది. ముందు గదిలో బావ, గ్యాస్ కంపెనీ వాళ్ల రంగుల కాగితాన్ని బావమరిది ముందుకు జరిపాడు.

"చూడరా, వచ్చే ఏడాదికి రాబడి రెండింతలట. షేర్లు ఇప్పుడే కొనుక్కో."

"రెండింతలెలా అవుతుంది బావా? ఉన్నవి రెండే బావులు కదా?"

"కొత్త బావిలో గ్యాస్ తన్నుకొస్తోంది. దాన్ని బట్టే లెక్క కట్టారు."

"గేదె ఈనిన కొత్తలో ఇచ్చే పాలు చూసి, ఏడాదంతా అన్నే ఇస్తుందన్నట్టుంది. బావిలో గ్యాస్ కూడా రానురాను తగ్గుతుందటగా?"

"నీకన్నీ అనుమానాలే. మీ అక్కని చేసుకుంటానన్నప్పుడూ ఇంతే."

"అప్పుడు అక్క నా మాట వినలేదు. సరే, ఇంత తొందరేంటి?"

"నీలాంటి వాళ్లు నలుగురు కొంటే ధర నిలబడుతుంది."

"నిలబడటమేంటి? పడిపోతోందా?"

బావ కాగితాన్ని మడతపెట్టాడు.

"నువ్వెంత పెట్టావు బావా?"

"ఇల్లు తాకట్టు పెట్టాను."

"ఇల్లు అక్క పేరు మీద కదా ఉంది!"

"మెల్లగా మాట్లాడు. సంతకం పెట్టమన్నాను, పెట్టింది. ఎందుకని అడగలేదు."

"అడగలేదని నువ్వూ చెప్పలేదా?"

"ధర లేచాక నేనే చెప్తానురా. నీకు దణ్ణం పెడతాను."

బావమరిది లేచి వంటింటి వైపు తిరిగాడు.

"అక్కా, చేతులు కడుక్కుని ఒకసారి ఇలా రా. బావ నీకో మాట చెప్తాడట."