అతకని ఎముక

కుర్చీ వద్దు, ఆ పీట ఇలా తొయ్యి చాలు. చేరబడితే ఈ మెడపట్టీ గెడ్డం కింద పొడుస్తది. ఉప్పలగుప్తం నుంచి ఆలమూరు దాకా రోడ్డు మీద ఎన్ని గోతులున్నాయో నా మెడనడుగు, చెప్తది! "నాయనా మెల్లగా, మెడలో మేకులున్నాయి" అంటే నవ్వేడమ్మా ఆటోవాడు, వెధవ.

ఏంటే విజయా, అలా గుమ్మంలో కొయ్యలా నిలబడ్డావు? అత్తగారొస్తే మంచినీళ్లివ్వరా మీ పుట్టింట్లో?

సరే, వద్దులే. నీ పెళ్లిలో మా అన్నయ్యకి రెండోసారి పులుసు వడ్డించలేదని పన్నెండేళ్లు ఈ గడప తొక్కలేదు నేను. మర్చిపోలేదు. మర్చిపోను కూడా. అయినా వచ్చేను కదా? ఎందుకో అడగవేం?

నాగబాబు పంపలేదు. నేనొచ్చినట్టే తెలీదు నీ మొగుడికి.

నలభై ఏళ్లు చేపల తట్ట మోసిన మెడ ఇది. లోపల నరం నలిగిపోయి, చేతులు మొద్దుబారి, చేప తోక కూడా పట్టు చిక్కేది కాదు. ఆపరేషనయ్యేక వేళ్లలోకి ప్రాణమొచ్చింది, కాదనను. మొదట్లో మింగలేకపోతే నెల్లాళ్లు అన్నం గుజ్జు చేసి పెట్టేవు. గొంతు బొంగురుపోతే నా సైగలు నీకొక్కదానికే తెలిసేవి. ఇవన్నీ రావచ్చని డాక్టరుగారు ముందే చెప్పేరు. వచ్చేయి, తగ్గేయి.

ఇంకోటి కూడా చెప్పేరు కదా. "తుంటిలోంచి తీసిన ఎముక ముక్క మెడలో పెడుతున్నాం మంగాయమ్మగారూ. చుట్ట ముట్టుకుంటే అది అతకదు" అన్నారు. నేను పెద్ద పత్తిత్తులా "మానేసేనండీ, ఒట్టు" అన్నాను. నువ్వు పక్కనే ఉన్నావు.

మానలేదే.

నువ్వు రొయ్యల షెడ్డుకి వెళ్లడం తరవాయి, వలల పాక వెనక్కి పోయేదాన్ని. అడ్డచుట్ట. నిప్పు నోట్లోకి తిప్పి పెట్టుకుంటే ఎవరికి కనపడుద్ది? సముద్రపు గాలికి ఆరిపోకుండా మా అమ్మ నేర్పింది. రోజుకి రెండు... ఛీ, ఇంకా అబద్ధమెందుకు, నాలుగు. ఆనక వాసన రాకుండా జామాకు నమిలేదాన్ని. "జామాకులెందుకు అత్తయ్యా?" అంటే పన్ను నొప్పన్నాను. లవంగాలు తెచ్చిపెట్టేవు పిచ్చిమొహమా!

ఆర్నెల్లకి ఎక్స్‌రే చూసి డాక్టరుగారేమన్నారు? ఎముక అతకలేదు, స్క్రూ కదిలింది, చుట్ట కాల్చేరా, బరువెత్తేరా అని. నీ మొగుడు పక్కనే. నలుగురూ వింటున్నారు. ఊరందరికీ నీతులు చెప్పే మనిషిని, పాక వెనక దొంగలా చుట్ట కాల్చేనని ఎలా చెప్పను? నోటికొచ్చేసింది, "కోడలు బిందె ఎత్తమందండీ" అని.

నువ్వా! చెంబు కూడా ఎత్తనిచ్చేదానివి కాదు నన్ను.

"మా అమ్మని చంపేద్దామనా?" అని వాడు నీమీద అరుస్తుంటే పక్కగదిలో ఉన్నాను. లేచి రాలేదు. దూలం వైపు చూస్తా పడుకున్నాను. నువ్వు పిల్లని తీసుకుని గుమ్మం దిగేవరకూ అన్నీ వినపడ్డాయి నాకు.

బుధవారం మళ్లీ కోస్తారట, ఈసారి వెనకనుంచి. ఇదీ అతక్కపోతే చేతులు మళ్లీ పోవచ్చు, నడకా పోవచ్చు అన్నారు. పోతే పోనీ. నువ్వు బిందె మొయ్యమన్నావని ఊరంతా అనుకుంటుండగా ఆ బల్లెక్కలేను.

ఏడవకు. నన్ను ఓదార్చకు కూడా, మండుద్ది నాకు. రమ్మనడానికి రాలేదు. వస్తావో రావో నీ ఇష్టం.

ఫోను తియ్యి. వాడికి కలుపు. నీ ముందే చెప్తాను, తర్వాతైతే నోరు రాదు.

మోగుతోందా? ఇలా ఇయ్యి.

ఒరే నాగబాబూ, అమ్మనిరా. ఆలమూర్లో ఉన్నాను. నువ్వాగు, నన్ను చెప్పనీ. విజయ ఏ బిందే ఎత్తమనలేదురా. చుట్ట... ఆఁ, చుట్టే. ఎప్పుడేంటి? ఇవాళ పొద్దున్న కూడా కాల్చే బయల్దేరేను.