వ్యానులో తొమ్మిదో సీటు

ఏప్రిల్ వచ్చిందంటే మా కుయిక్కమాకి డిస్క్ గోల్ఫ్ క్లబ్బుకి రెండే పనులు. మా ఆటంటే, కోర్సు అనే మైదానంలో వరసగా నిలిపిన గొలుసుల బుట్టల్లోకి వీలైనన్ని తక్కువ విసుర్లలో డిస్కు వెయ్యడం. మంచు కరిగిన అడవిలో పోయినేడు పోగొట్టుకున్న డిస్కులు ఏరుకోవడం ఒకటి, ఈ ఏడు ఆటకి ఏ దేశం పోవాలో తగువులాడుకోవడం రెండోది. మొదటిది శనివారంతో అయిపోయింది. రెండోదాని కోసం ఆదివారం పొద్దున నలుగురు క్లబ్బు గుడిసె అరుగు మీద చేరారు. కార్యదర్శి సిర్కా ఒళ్లో కాగితాలు పెట్టుకుని పెన్సిలు చెక్కుతోంది. ప్రతి ఏడూ వ్యాను నడిపే హెయిమో నిప్పుల మీద సాసేజులు తిప్పుతున్నాడు. అటవీ కాలేజీలో చదివే పిన్యా అందరికీ కాఫీ పోస్తోంది.

వ్యానులో తొమ్మిది సీట్లు. ఎనిమిది సీట్లకి పేర్లు పడిపోయాయి. మిగిలిన ఆ ఒక్క సీటు గురించి చలికాలం పొడుగునా మంచు తోసే లారీలో కూర్చుని కలలు కన్న మనిషి ఒస్మో. పద్నాలుగేళ్లుగా క్లబ్బులో ఉన్నాడు. వ్యాను బయల్దేరే రోజున టాటా చెప్పడం తప్ప ఆ వ్యానుతో అతనికి వేరే సంబంధం లేదు.

సిర్కా అడిగింది ఒక్కటే. "ఒస్మో, నువ్వు సముద్రం దాటి ఎక్కడైనా ఆడావా?"

వీళ్లకి కావలసింది దారి చూపించే మనిషేనని ఒస్మోకి వెంటనే అర్థమైపోయింది. కాఫీ కప్పు కింద పెట్టాడు. అతను కప్పు కింద పెట్టాడంటే ఇక అందరి కాఫీలూ చల్లారాల్సిందే.

"ఆడానా అంటే, ఏదో ఆడాను. చెప్పుకోవడం నాకు నచ్చదు. మంచు తోసుకుని బతికేవాణ్ణి, నాకెందుకు గొప్పలు? ఒకసారి ఆలండ్ దీవులకి పోయాను, మూడంటే మూడు రోజులు. ఎర్ర రాళ్లు, పైన్ చెట్లు, ఎటు చూసినా నీళ్లు. అక్కడి కోర్సులో ఆరో బుట్ట ఎదుటి దీవి మీద ఉంటుంది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి నూట నలభై మీటర్లు. అక్కడివాళ్లంతా మధ్యలో ఉన్న రాయి మీదికి ఒకటి వేసి, పడవలో పోయి, అక్కణ్ణుంచి రెండోది వేస్తారు. నేను ఒకే విసురులో అవతల పడేశాను. అంతే, అంతకన్నా ఏం లేదు."

నూట నలభై మన దగ్గరా వేసేవాళ్లున్నారని పిన్యా అంది.

"ఉన్నారు, ఎందుకు లేరు? అందుకే చిన్న సంగతన్నాను. ఎదురుగాలి ఉందని నేనింకా చెప్పనే లేదు. ఆ గాలికి రేవులో పడవలు తాళ్లు తెంచుకుంటున్నాయి, ఒకావిడ ఆరేసిన దుప్పటి అప్పటికే స్వీడన్ చేరిపోయింది. అలాంటి గాలిలో నా డిస్కు బయల్దేరి సరిగ్గా సగం దూరం పోయి ఆగింది. పడలేదమ్మాయ్, ఆగింది. గాలి దాన్ని తోస్తోంది, అది గాలిని తోస్తోంది, ఎవరూ తగ్గరు. నేనేం చెయ్యను? సంచీలోంచి దాల్చినచెక్క రొట్టె తీసి సగం తిన్నాను. అప్పటికి గాలికి ఊపిరి తిప్పుకోవాల్సొచ్చింది. ఆ సందు చూసుకుని దూరిపోయింది నా డిస్కు. అందుకే చెప్తున్నా సిర్కా, గాలితో ఆడాలంటే ఆలండ్‌ని మించింది లేదు, రాసుకో."

సిర్కా రాసుకుంది. ఆమె పెన్సిలు కదలడం చూసేసరికి ఒస్మోకి సీటు కళ్లముందు కనిపించింది. ముందు సీటే, హెయిమో పక్కన, కిటికీ వైపు. ఇక ఆగుతాడా?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ విసురు చూసిన నార్వే మనిషి ఒకడు నన్ను వదిలితేగా. మా దగ్గరా ఒక కోర్సుంది, రావాలన్నాడు. వెళ్లాను. కొండ కొమ్మున నిలబడి విసరాలి, బుట్టేమో కింద సముద్రపు పాయ ఒడ్డున, అగ్గిపుల్లంత కనిపిస్తోంది. విసిరాను. దిగుతోంది, దిగుతోంది, నాకు చలేసింది. ఎంతసేపని నిలబడతాను? బస్సెక్కాను. పన్నెండు మలుపులు, రెండు సొరంగాలు. కిందికి పోయి హోటల్లో చేపల సూపు తాగాను. హోటలావిడ మారు వడ్డించింది, అదీ తాగాను. బయటికొచ్చి చూస్తే అప్పుడే మేఘంలోంచి బయటపడుతోంది నా డిస్కు."

సూపులో ఏ చేపో చెప్పమని పిన్యా నిలదీసింది.

"కాడ్ చేప, కారెట్ ముక్కలు, పైన సోంపాకు. సోంపాకు కాస్త ఎక్కువైంది. ఇంత వివరంగా అబద్ధం చెప్పేవాడు ఎక్కడైనా ఉంటాడా? సరే, వస్తున్న డిస్కు కాస్త ఎడమకి పోయేలా ఉంది. కుడికి రా అని గట్టిగా అరిచాను. సర్దుకుంది. గొలుసుల్లో పడ్డ చప్పుడు పాయ అవతలి ఊళ్లో విని, చర్చి గంట అనుకుని పదిహేను మంది బయల్దేరి వచ్చేశారు. పెళ్లి బట్టల్లో ఉన్నారు పాపం, ఇద్దరు."

హెయిమో సాసేజుల్ని ఇంకో వైపుకి తిప్పాడు. ఊళ్లో హెయిమో మాట విన్నవాళ్లు తక్కువ. మాట్లాడాల్సొస్తే వ్యాను హారన్ కొడతాడని అంటారు.

ఎస్టోనియా సంగతేమిటని సిర్కా అడిగింది. అన్నిటికన్నా దగ్గరిది అదేగా.

"ఎస్టోనియాకేం, కోర్సు కోర్సుకీ నన్ను పేరు పెట్టి పిలుస్తారు. అడవి ఆటకి అదే రాజు. ఒక్కో బుట్ట చుట్టూ ఎన్ని చెట్లంటే, డిస్కు పక్కకి తిరిగి సన్నబడి పోవాలి. దాని గురించి చెప్పడానికి ఈ పూట చాలదు. ఐస్‌లాండ్ చెప్తాను, విను. అక్కడ భూమిలోంచి పది నిమిషాలకోసారి వేడినీళ్లు చర్చి గోపురమంత ఎత్తుకి ఎగజిమ్ముతాయి. నేను విసిరిన సమయానికే లేచింది మహాతల్లి. నా డిస్కుని నెత్తిన పెట్టుకుని గిరగిరా తిప్పుతోంది, దించదు. వెనక నలుగురు ఆటగాళ్లు వచ్చారు. మర్యాద ప్రకారం వాళ్లకి దారిచ్చాను, ఆడుకుంటూ పోయారు. వాళ్ల వెనక ఇంకో నలుగురు. వాళ్లకీ ఇచ్చాను. చివరికి గొర్రెల మందొకటి వస్తే దానికీ ఇచ్చాను. సాయంత్రానికి దిగింది డిస్కు, ఉడికిపోయి, అంచు కాస్త ఒంపు తిరిగి. ఆ ఒంపే, సిర్కా, ఆ ఒంపే అసలు కథకి కారణం."

అసలు కథ ఇంకా మొదలవలేదా అని పిన్యా కాఫీ కెటిల్ మళ్లీ నిప్పుల మీద పెట్టింది.

"నార్వే ఉత్తరం చివర, భూమి అయిపోయే చోట ఒక బుట్టుంది. నేను ఆ ఒంపు డిస్కు తీసి ఉత్తరానికి విసిరాను. పోయింది. బుట్ట మీదుగా పోయింది, సముద్రం మీదుగా పోయింది, కంటికి కనిపించకుండా పోయింది. పోతే పోయిందిలే అనుకున్నాను. మనందరం డిస్కు అడుగున ఫోను నంబరు రాసుకుంటాం కదా, దొరికినవాళ్లు మెసేజ్ పెడతారని. మర్నాడు పొద్దున మెసేజ్ వచ్చింది, అలాస్కా నుంచి. 'అయ్యా, మీ నారింజరంగు డిస్కు మా ఇంటి మీదుగా వెళ్తోంది, పట్టుకోమంటారా?' అని. వద్దు తల్లీ, అది ఇంకా ఆటలోనే ఉంది, పోనీ అని జవాబిచ్చాను."

"ఎగిరే డిస్కు మీద నంబరెలా చదివింది?" అంది పిన్యా.

"అడుగునే కదా రాసేది. కిందనుంచి చూసేవాళ్లకి కనిపించేది అడుగేగా."

ఒస్మో ఒక్క గుక్క కాఫీ తాగి అందుకున్నాడు.

"కాలిఫోర్నియాలో ఆ పెద్ద పెద్ద చెట్లున్నాయి చూడు, అక్కడి క్లబ్బువాళ్లు మెసేజ్ పెట్టారు, మా చెట్లు వంగి దారిచ్చాయి, వందేళ్లలో ఇదే మొదలు అని. ఆ తర్వాత దక్షిణ ధ్రువం. అక్కడ రెండు రోజులు కబురే లేదు. పెంగ్విన్ల దగ్గర ఫోన్లుండవు కదా, నేనేం తప్పుపట్టను. ఆ పైన ఆఫ్రికా, అక్కడో బడి పిల్లలంతా లెక్కల క్లాసు ఆపుకుని చూశారట. అయిదో రోజు మన లాప్‌లాండ్ నుంచి రెయిన్‌డీర్ దుప్పుల కాపరి ఒకడు ఫోన్ చేశాడు, నీ డిస్కు వస్తోంది, తల వంచుకో అని. నేను వంచలేదు. వెనకనుంచి వచ్చి, నా టోపీ తీసి, ఆ టోపీతో సహా ఎదుటి బుట్టలో పడింది. భూమి చుట్టూ ఒక్క విసురు. స్కోరు కార్డులో ఒకటే వేశాను, ఎక్కువ వేసుకుంటే పాపం."

అయిదు రోజులూ కదలకుండా అక్కడే నిలబడ్డావా అని సిర్కా అడిగింది. మంచు తోసేవాడికి నిలబడటం ఒక లెక్కా అన్నాడతను. అని, సాసేజు ఒకటి అందుకుని, ఇక సీటు గురించి తేల్చమన్నట్టు కాళ్లు బారజాపాడు.

సిర్కా కాగితం తిరగేసింది. సభలో తీర్మానాలు చదివే గొంతుతో నింపాదిగా చదివింది. ప్రతి ఏడూ ఆ ఎనిమిది మందే పోతున్నారు కనక తొమ్మిదో సీటు, సముద్రం దాటి ఒక్కసారైనా ఆడనివాళ్లకే ఇవ్వాలని పోయిన అక్టోబరు సభ తీర్మానించింది. ఆ రోజు అందరూ చేతులెత్తారు.

"ఎప్పుడు చదివారది?" అన్నాడు ఒస్మో.

"సభలోనే. అప్పుడు నువ్వు మాట్లాడుతున్నావు."

సాసేజు అతని చేతిలోనే ఉండిపోయింది. నువ్వు నాలుగు చోట్లా, రెండు ధ్రువాల్లోనూ ఆడొచ్చావు కనక సీటు ఇంకెవరికైనా చూస్తానని సిర్కా పెన్సిలు ఎత్తింది.

"ఐస్‌లాండ్ ఉంది చూశావూ," అన్నాడు చివరికి, బూట్ల వైపు చూస్తూ. "అది టీవీలో."

సిర్కా ఐస్‌లాండ్ కొట్టేసింది. నార్వే సంగతి మంచు తోసే యంత్రాల కేటలాగులోదని, యంత్రం వెనక కొండ ఫోటో బాగా పడిందని చెప్పాడు. నార్వే కూడా పోయింది. ఆలండ్ వెళ్లింది నేను కాదు, మా బావమరిది, వాడికీ ఆట రాదు, దుప్పటి మాత్రం నిజంగా ఎగిరిందన్నాడు. మరి ధ్రువాల సంగతేమిటని పిన్యా అడిగితే, ధ్రువాలు సిర్కా రాసుకోలేదు కాబట్టి కొట్టెయ్యక్కర్లేదన్నాడు.

"ఎస్టోనియా?" అంది సిర్కా.

ఒస్మో సాసేజు పళ్లెంలో పెట్టేశాడు. ఆ దేశం వైపే పోలేదని ఒక్క అబద్ధం ఆడితే సీటు దక్కుతుంది. జీవితంలో మొదటిసారి అతనికి అబద్ధం నోట్లోంచి రాలేదు.

"ఎస్టోనియాకి పోయాను. మూడుసార్లు."

పెన్సిలు ఆగింది. "ఆడావా?"

"లేదు."

"కోర్సు కోర్సుకీ పేరు పెట్టి పిలుస్తారన్నావు."

"ఓడ దిగలేదు."

దీనికి అరుగు మీద ఎవరూ నవ్వలేదు. హెల్సింకిలో ఓడెక్కి, కడుపునిండా తిని, మైకు పట్టుకుని పాడి, తాలిన్ రేవుని కిటికీలోంచి చూసి, అదే ఓడలో వెనక్కి రావడం మావాళ్లలో సగం మంది చేసేదే. కానీ సిర్కా కార్యదర్శి. ఇప్పటిదాకా భూమి చుట్టొచ్చిన మనిషి ఇప్పుడు ఓడే దిగలేదంటే ఏ మాట రాసుకోవాలని అడిగింది. సాక్షి లేకుండా రాయనంది.

నిప్పుల దగ్గర్నుంచి ఒక గొంతు వినిపించింది. అది హెయిమోదని గుర్తుపట్టడానికి పిన్యాకి కాసేపు పట్టింది.

"దిగలేదు," అన్నాడు హెయిమో. "నేనూ అదే ఓడలో ఉన్నా."

"మూడుసార్లూనా?"

"మూడుసార్లూ. ఇతను పాడుతున్నాడు. నేను దిగుదామనే అనుకున్నా, మైకు వదిలితే పిలుద్దామని ఆగా."

సిర్కా ఇద్దర్నీ చూసింది. కాగితం పైన ఈ ఏడు ఆట ఎస్టోనియాలో అని రాసి, దాని కింద రెండు గీతలు గీసింది, తొమ్మిదో నంబరు ఎదురుగా ఒస్మో పేరు రాసింది. ఈసారి దిగి తీరాలంది.

ఒస్మో వెన్ను నిటారైంది. రంగు మళ్లీ మొహంలోకి వచ్చింది. "దిగడమా? నేను దిగితే ఏమవుతుందో తెలుసా, తాలిన్ రేవులో నా కాలు పడ్డ క్షణాన..."

"వెనక సీటు," అన్నాడు హెయిమో.

సిర్కా ఒస్మో పేరు పక్కన అది కూడా రాసింది.