వెంట్రుకంత డ్రిల్లు, పొద్దుటి మాటలు

1989 జూన్ పన్నెండవ తేదీ, సోమవారం ఉదయం, ఇరవై మూడేళ్ల వయసులో, నేడు పదవీ విరమణ చేస్తున్న మాస్టారు మన కర్మాగారంలోని పనిముట్ల విభాగంలో చేరారు. వారికి అప్పగించినది తలవెంట్రుక మందం ఉన్న డ్రిల్లులకు సానబట్టే పని. కంటికి ఆనని ఆ మొనను మైక్రోస్కోపు కింద సానచక్రానికి తాకించేటప్పుడు చెయ్యి ఏమాత్రం అదిరినా డ్రిల్లు విరిగిపోతుంది. మొదటి వారంలో పందొమ్మిది విరిచారు. తరువాత ఊపిరి బిగబట్టి పనిచేయడం అలవరచుకుని, “ఊపిరి మాస్టారు”గా స్థిరపడ్డారు. వారి బల్ల దగ్గర ఫ్యాను తిరగదు. తుమ్ము వచ్చినవారు వరండాలోకి వెళ్లి తుమ్మి రావలసిందే.

వివాహమైన కొత్తలో ఒక ఉదయం ఇంట్లో జరిగిన చిన్న మాటామాటా రోజంతా వారి వేళ్లలో మిగిలిపోయి, ఆరు డ్రిల్లులు విరిగాయి. కోపం మనసులో చల్లారినంత త్వరగా చేతిలో చల్లారదని గ్రహించిన మాస్టారు ఆ సాయంత్రమే భార్యను బతిమాలుకున్నారు.

“పొద్దున్న మాత్రం ఏమీ అనకు. సాయంత్రం ఎంత తిట్టినా నోరెత్తను.”

“మర్చిపోకుండా రాసిపెట్టుకుని మరీ తిడతాను లెండి,” అన్నారావిడ.

2003లో ఒక అత్యవసర పని వచ్చింది. ఒక్క రోజులో నలభై డ్రిల్లులు కావాలి. మాస్టారు నలభైకి నలభై పూర్తిచేసి, చిన్నపిల్లాడిలా ఇంటికి పరుగెత్తి, “ఒక్కటంటే ఒక్కటి విరగలేదు, తెలుసా!” అన్నారు. ఆవిడ అంతా విని, మంచినీళ్లిచ్చి, అప్పుడు చెప్పారు.

“మా అమ్మ బాత్రూములో జారిపడిందండీ. తుంటి ఎముక విరిగింది. పొద్దున ఆరింటికే ఫోనొచ్చింది.”

“మరి చెప్పవేం?”

“చెప్తే మీ చెయ్యి నిలిచేదా?”

ఆ ఉదయం ఎప్పటిలాగే మాస్టారికి క్యారేజీ కట్టిచ్చి, గుమ్మం దాకా వచ్చి సాగనంపి, ఆవిడ ఒంటరిగా ఆసుపత్రికి వెళ్లి వచ్చారు. ఆ పనికి సంస్థ ఇచ్చిన జ్ఞాపికను మాస్టారు హాల్లో పెట్టుకోలేదు. వంటింటి అలమరలో, ఆవిడ డబ్బాల పక్కన పెట్టారు. ఇకమీదట పొద్దున్నే చెప్పమని ఎన్నోసార్లు అడిగారు. “అలవాటైపోయింది” అని ఆవిడ దాటవేస్తూ వచ్చారు. ఉదయం తమ ఇంట్లో ఉండే ప్రశాంతతను చూస్తే తమకు భయం వేస్తుందని, ఈ రోజు ఆవిడ ఏం దాచుకుందోనని దారంతా ఆలోచిస్తూ వస్తామని మాస్టారు ఒకసారి మాతో అన్నారు. అయినా బల్ల ముందు కూర్చోగానే ఆ చెయ్యి నిలిచేది.

మొన్న మేనేజరుగారు వారిని పిలిపించారు.

“ఇంకో రెండేళ్లు ఉండండి మాస్టారూ. మీ చెయ్యి ఇప్పటికీ రాయిలా ఉంది.”

మాస్టారికి ఆశ లేకపోలేదు. ఆ బల్లను వదలడమంటే వారికి సగం ప్రాణం వదలడమే. తమ వేళ్లను చూసుకుని చెప్పారు.

“చెయ్యి నాదేనండీ. నిలబెట్టింది మాత్రం మా ఆవిడ. పొద్దుటి మాటలు ముప్పై ఏళ్లవి ఆవిడ లోపలే ఉండిపోయాయి. నాకు చెవులు పనిచేస్తుండగానే వినాలి.”

ఇంటికెళ్లి ఆ సంగతి చెబితే ఆవిడ కళ్లు తుడుచుకుని, “అయితే మీరు రిటైరైన మర్నాడు పొద్దున్నే ఆ కారే కుళాయితో మొదలుపెడదాం,” అన్నారట.

రేపు ఉదయం మొదలయ్యే ఆ సంభాషణ దశాబ్దాల పాటు సాగాలని, దంపతులిరువురూ సంపూర్ణ ఆరోగ్యంతో దీర్ఘకాలం వర్ధిల్లాలని, మాస్టారి చేతులు ఇక మనసారా వణకాలని మా విభాగమంతా కోరుకుంటున్నాము.